తోసి ఎక్కిన కారు

మొన్న కార్తీకంలో మా తమ్ముడు ఎనిమిది మంది పట్టే కొత్త వ్యాను కొని, నరసరావుపేటలో మా ఇంటి ముందు ఆపాడు. మీట నొక్కితే తలుపు దానంతటదే జరుగుతుంది. ప్రతి సీటుకీ చల్లగాలి. సోమవారం నాడు అందరం దాన్లోనే కోటప్పకొండకి వెళ్లి బండికి పూజ చేయించాలనుకున్నాం. పెదనాన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "ఇది కారేందిరా, చక్రాలున్న బీరువా!" అన్నాడు. తన పాత కారు అమ్మేసిన దగ్గర్నుంచి ఆయన ఇంకో బండెక్కలేదు, గడప దాటడమే మానేశాడు. ఆయన లేకుండా కొండకి వెళ్లడం నాకసలు ఇష్టం లేదు.

ఆ పాత కారు వైభోగమే వేరు. మిర్చి వ్యాపారం బాగా కలిసొచ్చిన ఏడు పెదనాన్న మద్రాసు వెళ్లి కొనుక్కొచ్చిన ఫారిన్ కారు అది. మీగడ రంగు, ముందు వెండి పక్షి బొమ్మ, పరుపులాంటి తోలు సీట్లు. లోపల పెట్రోలు వాసన, అగరొత్తుల వాసన కలిసిపోయి ఉండేవి. ఇంత రాజసమూ ఉండి, తోస్తే గానీ కదిలేది కాదు మహాతల్లి. పెదనాన్న ఇస్త్రీ పంచెతో స్టీరింగు ముందు కూర్చుని, "తొయ్యండ్రా! బువ్వ తిన్లేదా ఏంది!" అని కేకేసేవాడు. వెనక బాబాయి, చెంగు బిగించిన పిన్ని, పిల్లలం. ఇంజను అందుకున్నాక ఆపితే మళ్లీ ఆరిపోతుందని ఆయన ఆపేవాడు కాదు, మేమే పరిగెత్తి ఎక్కాలి. పట్టుచీరతో అలా ఎక్కడంలో పిన్ని ఆరితేరిపోయింది. పెళ్లిళ్లకి చెమటలు కక్కుతూ చేరినా, దిగేటప్పుడు మా దర్జా చూడాలి!

చివరికి పిన్నే ఆయన్ని లేపింది. "ముందు సీట్లో మీరు లేకపోతే ఎట్టా బావగారూ?" అంది. గొణుక్కుంటూ ఎక్కాడు గానీ, ఎక్కింది మొదలు మూతి బిగించుకునే కూర్చున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఊరు దాటాక మేకల మంద అడ్డం వచ్చింది. తమ్ముడు బ్రేకు తొక్కగానే ఇంజను చప్పున ఆగిపోయింది. పెట్రోలు ఆదాకి ఈ కొత్త బళ్లు అలాగే ఆగుతాయట, మాకేం తెలుసు? ఎవరూ చెప్పకుండానే తలుపు జరిపి బాబాయి, పిన్ని, నేను దిగి, వెనక్కి వెళ్లి చేతులు ఆనించాం.

"ఏంది మీరు చేసేది? ఎక్కండి!" అని తమ్ముడు అరుస్తున్నాడు.

పెదనాన్న అద్దంలో మమ్మల్ని చూశాడు. భుజాలు అదిరేలా నవ్వాడు. కిటికీ దించి, తల బయటపెట్టి, ఆ పాత గొంతుతోనే కేకేశాడు. "తొయ్యండ్రా! బువ్వ తిన్లేదా ఏంది!"

మేకలు తప్పుకున్నాయి, వ్యాను తనంతట తానే కదిలింది. మేం ముగ్గురం మోకాళ్ల నొప్పులు మర్చిపోయి, పగలబడి నవ్వుతూ దాని వెంట పరిగెత్తాం. కాలం ముందుకే పోతుందంటారు గానీ, ఆ పూట మేమంతా కలిసి దాన్ని నాలుగడుగులు వెనక్కి తోశాం.