ఒక్క చోట తగ్గిన వేడి

పోయిన వారం నేనిప్పుడు పనిచేసే ప్లాంటులో ఒక పాత కంట్రోల్ ప్యానెల్ తలుపు తెరిచాను. వేడెక్కిన దుమ్ము, పాత వైర్ల తొడుగు కలిసిన వాసన గుప్పున ముక్కుకు తగిలింది. లోపల రిలే స్విచ్చులు టిక్కుటిక్కుమంటున్నాయి. త్వరలో దాన్ని విప్పేసి కొత్తది బిగిస్తాం. ఆ వాసనతో పాటు కూర్మారావు గారు గుర్తుకొచ్చారు. అనకాపల్లి దగ్గర గ్యాసుతో కరెంటు తయారుచేసే ఒక చిన్న ప్లాంటులో ఆయన కంట్రోల్ విభాగానికి పెద్ద. నాకు మొదటి బాసు.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే ఇల్లు. ఇంజనీరింగ్ చదివాను గానీ టర్బైన్‌ను దగ్గరగా చూసింది ఆ ఉద్యోగంలో చేరాకే. మొదటి రోజు ఆయన నన్ను పాత ప్యానెల్ ముందుకి తీసుకెళ్ళి, "ఇది టర్బైనుకి బుర్రమ్మా. గ్యాసు ఎంత పొయ్యాల, ఏడి ఎందాక పోనివ్వాల, ఎప్పుడాపియ్యాల, అన్నీ ఇదే సూసుకుంటాది" అన్నారు. అప్పటికే దాని సర్క్యూట్ కార్డులు చేసే కంపెనీ చెయ్యడం మానేసింది. ఒకటి కాలిపోతే ఇంకో పాత ప్లాంటును బతిమాలి తెచ్చుకునేవాళ్ళం. అందుకే మొత్తం మార్చేసి కొత్త ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టాలని నిర్ణయించారు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి, దీనికి విసుక్కుంటారనుకున్నాను. ఆయన మాత్రం కొత్త పెట్టెలు దిగిన రోజు మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయారు.

ఆయన కుతూహలానికి చోటూ వేళా ఉండేవి కావు. ఒకసారి ఏదో పనిమీద మా కొట్టుకి వచ్చి, రెండు బెల్లం దిమ్మలు పక్కపక్కన పెట్టుకుని, ఒకే ఊరి చెరుకుకి ఇంత రంగు తేడా ఎందుకొచ్చిందని మా నాన్నను అడిగారు. నాన్న మట్టి అన్నారు, నీళ్ళన్నారు, పాకం దించిన అదును అన్నారు. ఆయన ఒక్కో జవాబు దగ్గరా ఆగి, "మరదెలా తెలుస్తాదండి?" అంటూ సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆయన వెళ్ళాక నాన్న, "మీ సారు కొనడానికి రాలేదే" అని నవ్వారు.

కొత్త కంట్రోలర్‌తో టర్బైన్ మొదటిసారి పూర్తి లోడుకి వెళ్ళిన ఉదయం చిక్కు మొదలైంది. యంత్రం వెనక నుంచి వచ్చే గాలి ఎంత వేడిగా ఉందో కొలవడానికి చుట్టూ సెన్సార్లుంటాయి. మా పాత ప్యానెల్ వాటి సగటు మాత్రమే చూపించేది. కొత్తది ఒక్కోదాన్నీ విడిగా చూపించింది. అందులో ఒకటి మిగతా వాటికంటే వేడి బాగా తక్కువ చెబుతోంది. కంట్రోలర్ అమ్మిన కంపెనీ ఇంజనీరు సెన్సారు పాడై ఉంటుందన్నాడు, దాన్ని లెక్కలోంచి తీసేద్దామన్నాడు. మేనేజరు గారికీ అదే నచ్చింది. ఎండాకాలం, కరెంటు కోసం పైనుంచి ఒత్తిడి.

"ముందు దాన్నీ దాని పక్కదాన్నీ అటూ ఇటూ మార్చి సూద్దారి" అన్నారు కూర్మారావు గారు. మార్చాం. తక్కువ అంకె సెన్సారుతో పాటు కదల్లేదు, ఆ చోటునే అంటిపెట్టుకుంది. ఆయన కళ్ళు మెరిశాయి. "సూసేవా? గాలే సల్లగా వత్తంది. అయితే తిన్నగా రాదమ్మా, మెలి తిరుగుతాది. ఏ బర్నరు కాడ బయల్దేరిందో ఎనక్కి లెక్కేసుకుందాం" అని గ్యాసు మండే బర్నర్లన్నిటితో నాచేత బొమ్మ గీయించారు.

యంత్రం ఆపి విప్పాలని ఆయన అడిగారు. మేనేజరు గారు, "లోపల ఏముందో చెప్పగలరా?" అన్నారు.

"సెప్పలేనండి. అందుకే ఇప్పమంటన్నాను."

"ఏమీ లేకపోతే?"

"ఆపమన్నది నేనేనని పైకి సెప్పండి."

యంత్రం చల్లారాక బర్నర్లు విప్పాం. మేము లెక్కేసిన బర్నరులో మంట చుట్టూ ఉండే రేకు గొట్టం, వెల్డింగు అంచున పగిలి ఉంది; బయటి చల్లగాలి మంటలోకి చొరబడింది అందులోంచే. అరచేతంత ముక్క ఊడడానికి సిద్ధంగా వేలాడుతోంది. ఊడి ఉంటే నేరుగా తిరిగే బ్లేడ్లలోకి పోయేది. మేనేజరు గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఆయన అది గమనించినట్టు లేదు. టార్చి పట్టుకుని గొంతుక్కూర్చుని, "ఈ పగులు ఎటేపు నుంచి మొదలెట్టిందో?" అంటున్నారు. కంపెనీ ఇంజనీరు కూడా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చూడసాగాడు.

రేకు గొట్టం మార్చాం. టర్బైన్ బాగానే నడిచింది. కొంతకాలానికి గ్యాసు సరఫరా తగ్గి ప్లాంటే మూతపడింది. నేను వేరే ఊరికి మారాను. కూర్మారావు గారు రిటైరై కె. కోటపాడు దగ్గర తమ ఊళ్ళో వ్యవసాయంలో పడ్డారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఎంతో కష్టపడి కొత్త కంట్రోలర్ పెట్టాం, యంత్రమేమో ఊరికే పడి ఉంది, మీకు బాధగా లేదా అని అడిగాను.

"ఉండదేటమ్మా" అన్నారు. తర్వాత ముందుకి వంగి, "అది సరే గానీ, ఆ పగులు ఎందుకొచ్చిందో తరవాతైనా తేల్చేరా? వెల్డింగు తప్పా, యంత్రం అదురుకా?" అన్నారు.

"తేల్చలేదు సార్. ఆ ముక్క కూడా ఎక్కడుందో తెలీదు."

"అయితే నువ్వు పనిసేసే కాడ సూత్తుండు. ఎక్కడైనా అలాటిది కనబడితే నాకు ఫోన్ సెయ్యి."

ఆ ఫోను చెయ్యవలసిన అవసరం పడేలోగానే ఆయన పోయారు. ఈ మధ్య ఇక్కడి మా ప్లాంటులో ఒక బర్నరు గొట్టం మీద అచ్చం అలాంటి పగులే కనిపించింది. మార్చేసి సాగిపోవచ్చు, అందరూ అదే అన్నారు. నేను పగిలిన చోట ముక్క కోయించి, ఎందుకు పగిలిందో తేల్చే పరీక్షకు పంపించాను. జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.