ఆమె చాపిన చెయ్యి

డెబ్బైల చివర్లో నేను మరిపెడ వైపు ఊళ్లకు హెల్త్ విజిటర్‌ని. ఊళ్లలో నర్సులు టీకాలు, కాన్పుల పని ఎలా చేస్తున్నారో చూసి, తప్పుంటే దిద్దడం నా బాధ్యత.

ఒక ఊళ్లో కొత్తగా చేరిన నర్సు నన్ను పక్కకు పిలిచింది. "మేడమ్, ఆ గోడ దగ్గర కూసున్నామె ప్రతి బుధవారం వస్తాంది. సూది ఇయ్యమంటది. కడుపుతోని లేదు. ఏం చెయ్యాల్నో సమజైతలేదు."

ఆమెకు ఇరవై ఏళ్లుంటాయేమో. గర్భిణులతో పాటు వరసలో కూర్చుంది. ఆ ఎండాకాలమే ఆమె మొదటి బిడ్డ ధనుర్వాతంతో పోయాడు. దవడలు బిగిసి పాలు తాగలేకపోయాడట. కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డకు ఆ జబ్బు రాకుండా వేసే సూదికి భయపడి ఆమె జొన్నచేలో దాక్కుందని వెంట వచ్చిన అత్త చెప్పింది. "దాని మనసు మంచిగ లేదమ్మా. కోపం చెయ్యకున్రి."

వంతు రాగానే ఆమె నా ముందు చెయ్యి చాపింది. "నాకు గూడ ఇయ్యున్రమ్మా."

నర్సు నా వైపు చూసింది. పంపించెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ చేతిని తుడిచి, సూది వేసినట్టే కాసేపు ఒత్తి పట్టుకున్నాను. ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత లేచి వెళ్లిపోయింది.

"మళ్లొస్తే నువ్వు గూడ ఇట్లనే చెయ్యి" అన్నాను నర్సుతో.

చలికాలం దాకా అలాగే సాగింది. ఆదివారం వరంగల్‌లో చర్చిలో కూర్చున్నా ఆ సన్నని చెయ్యి నా అరచేతిలో చల్లగా తగిలేది.

ఒక బుధవారం నేను దూది తీస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఈసారి నిజంగనే ఇయ్యున్రమ్మా. నాకు నాలుగో నెల."

అంటే ఇన్నాళ్లూ ఆమెకు తెలుసు. దూది పక్కన పెట్టేశాను. సూది నర్సునే వెయ్యమన్నాను.

ఆడపిల్ల పుట్టింది, బతికింది. కానీ ఆ తల్లి పాపను నిద్రపోనిచ్చేది కాదు. మాటిమాటికీ వేలు పెట్టి నోరు తెరుచుకుంటోందో లేదో చూసేది. వద్దని చెప్పడానికి వెళ్లిన నేను కూడా ముందు పాప నోరే చూసేదాన్ని.

పాప పాకుతున్న రోజుల్లో నాకు బదిలీ అయింది. చెప్పి వద్దామని వెళ్తే తల్లి ఇంట్లో లేదు. "ఇయ్యాల్నే మొదటిసారి పిల్లను ఇడిశి చేనుకు పోయింది" అంది అత్త.

ఊరట కలిగింది. అయినా బస్సులో దారి పొడుగునా నేను చూడని ఆ మొదటి బిడ్డే కళ్లముందు మెదిలాడు. వాడికి పేరు పెట్టారో లేదో నేను ఎవరినీ అడగలేదు.