విసుగెలా ఉందమ్మా?

సోషల్ మాస్టారు పోయారన్న కబురు నాకు గుండుగొలను స్టేజీలో అందింది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే బస్సులో నేను కండక్టర్ని. అక్కడ ఎక్కినావిడ మా ఊరి హైస్కూల్లో నాకంటే ఒక క్లాసు వెనక చదివింది. "ఎక్కడికండీ?" అని అడిగితే ఊరి పేరు చెప్పకుండా, "నీకింకా తెలీదా అక్కా? మన సోషల్ మాస్టారు పొద్దున్నే పోయారంట. పేపరు చదువుతూ కుర్చీలోనే వాలిపోయారంట" అంది. ఆమె వెనక ఇంకా జనం ఎక్కుతున్నారు. నేను మళ్ళీ "ఎక్కడికి?" అన్నాను. భీమడోలుకి అంది. టిక్కెట్టు కొట్టి ఇచ్చాను. గూడెం దాకా అందరినీ అదే మాట అడుగుతూ వెళ్ళాను. ఏడవడానికి తీరికలేని ఉద్యోగం ఇది. ఆ సంగతి నాకంటే ముందు ఆయనకే తెలుసు.

ఆయన్ని పొగడడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు. సభ పెట్టి మరీ ఆ ముచ్చట తీర్చుకున్నారు. నాకు మిగిలింది కోపమే. అది దాచుకుని రాయడం నాకు చేతకాదు.

మా ఊరు మండవల్లి దగ్గర, కొల్లేరు అంచున. ఎటు చూసినా చేపల చెరువులు, వాటి మధ్య అక్కడక్కడా వరి. మాస్టారు మా పదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పేవారు. ఏ పిల్ల ముందుముందు ఏ పని చేసుకుని బతకాలి అన్నది ఏ పుస్తకంలోనూ పాఠంగా లేదు. అయినా శనివారం ఆఖరి పీరియడు దానికే కేటాయించారు. ఆదివారం చర్చి మానని మనిషి. "శనివారం పిల్లలది, ఆదివారం దేవుడిది" అనేవారు. "దేవుడైతే వచ్చే వారం కూడా దొరుకుతాడు. పది దాటితే మీరు దొరకరు" అని నవ్వేవారు.

ఆయన పద్ధతికి ఆయన పెట్టిన పేరు 'చూసిరండి'. అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక ప్రతివాళ్ళూ తమకు నచ్చిన పని చేసేవాళ్ళ దగ్గరకు వెళ్ళి ఒక పగలంతా కూర్చోవాలి. జీతం ఎంతని అడగకూడదు. ఆ పనిలో వాళ్ళకు దేనికి విసుగొస్తుందో చూసి, తిరిగొచ్చి క్లాసులో నిలబడి చెప్పాలి. చెప్పాక మాస్టారు ఒకటే ప్రశ్న వేసేవారు. "ఆ విసుగు నువ్వు పడగలవా?"

"ఇష్టం అందరికీ ఉంటుందర్రా. డాక్టరు తెల్లకోటంటే ఇష్టం లేనివాడెవడు? రోజంతా దగ్గులు వినడం ఎవడికి పడుతుందో వాడే డాక్టరు. ఏ విసుగు మీకు సరిపడుతుందో అదే మీ పని" అని ఆయన చెప్పే మాట మా ఊళ్ళో సగంమందికి కంఠతా వచ్చు. కంఠం దాటి కిందికి దిగింది మాత్రం తక్కువమందికి.

ఆయన కూడా అదే పిచ్చిలో ఉండేవారు. కూరలకని పంపిస్తే సాయంత్రానికి వచ్చేవారని మాస్టారమ్మగారు మొత్తుకునేవారు. దారిలో ఎవరో బోరు వేస్తుంటేనో, కరెంటు స్తంభమెక్కి తీగ బిగిస్తుంటేనో గొడుగు చంకలో పెట్టుకుని అలా నిలబడిపోయేవారు. "ఆ బెండకాయలు ముదిరిపోయాయండీ" అంటే, "వాటిక్కూడా వయసొస్తుంది కదా" అనేవారట.

నేను లాయర్నవుతానని ఏలూరు కోర్టు చూడ్డానికి బయల్దేరాను. అక్కడ మధ్యాహ్నం దాకా ఒక లాయరుగారి వెనక బల్ల మీద కూర్చుంటే కేసు వాయిదా పడింది. నాకు ప్రాణం విసిగిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు కండక్టర్ని చూస్తూ వచ్చాను. క్లాసులో కోర్టు సంగతి రెండు ముక్కల్లో ముగించి కండక్టరు గురించి చెప్పాను. రోజంతా 'ఎక్కడికండీ' అనే ఒక్క మాట అడగడమే ఆయన విసుగట అన్నాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "ఆ విసుగు నువ్వు పడగలవా?" అన్నారు. "పడగలనండి. అడిగేది ఒక్క మాటే కానీ ఒక్కొక్కళ్ళూ ఒక్కో ఊరు చెబుతారు కదండీ" అన్నాను. ఆయన నాకేసి కాసేపు చూసి, కూర్చోమన్నారు.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో నాది మండవల్లి మీదుగా ఏలూరు వెళ్ళే బస్సు. అది దొరికితే మాస్టారు ముందు సీట్లో కూర్చునేవారు. పాత విద్యార్థులెవరు కనబడినా బాగున్నావా అని అడగరు. "విసుగెలా ఉందమ్మా?" అంటారు. "అలాగే ఉందండి మాస్టారూ" అంటే, "అయితే బాగున్నావన్నమాట" అని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. అంతకంటే నా క్షేమం అడిగినవాళ్ళు లేరు.

ఇక కోపం సంగతి.

ఫిబ్రవరి వస్తే మా ఊరికి కొంగల కంటే ఎక్కువగా రెసిడెన్షియల్ కాలేజీల మనుషులు దిగుతారు. టక్ చేసుకుని, చేతిలో రంగు కాగితాలతో వచ్చి, పది పరీక్షలు రాయకముందే పిల్లల్ని ఇంటర్‌కి మాట్లాడేసుకుంటారు. ఒకాయన నేరుగా బడికే వచ్చి మాస్టారిని మంచి చేసుకోబోయాడు. మాస్టారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఏవండీ, మా పిల్లలు ఒక పగలంతా మీ క్లాసుల్లో కూర్చుని చూసొస్తారండీ. ఎప్పుడు పంపమంటారు?" అన్నారు. క్లాసుల్లోకి బయటివాళ్ళను రానివ్వం అన్నాడతను. "చూడని చోటికి పిల్లల్ని ఎలా పంపమంటారండీ?" అన్నారు మాస్టారు. అంత మెత్తగా అంటే అది తిట్టు అని కూడా అతనికి అర్థమై ఉండదు.

తండ్రులకు మాత్రం అర్థమైంది, తిరగేసి. పదో తరగతి పిల్లల్ని షెడ్ల వెంటా చెరువుల వెంటా తిప్పుతున్నాడన్నారు. డాక్టరవుతానన్న పిల్లాణ్ణి ఆస్పత్రి చూపించి వద్దనిపించాడన్నారు. పని చూస్తే పిల్లల ఆశ చచ్చిపోతుందని మా ఊరి నమ్మకం. పెళ్ళికి పిల్లను చూడ్డానికి పదిమంది వెళతారు, జీవితమంతా చేయాల్సిన పని చూడ్డానికి ఒక్కడూ వెళ్ళకూడదట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మాస్టారిని ఆడిపోసుకుని, హెడ్మాస్టరు మీద ఒత్తిడి తెచ్చి 'చూసిరండి' ఆపించేశారు. శనివారం ఆఖరి పీరియడు స్లిప్ టెస్టు అయింది. రిటైరయ్యాక ఆయన తన ఇంటి అరుగు మీద, వచ్చినవాళ్ళకు చెప్పేవారు. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

నా మేనకోడల్ని నేనే తీసుకెళ్ళాను. మా అన్నయ్య ఒక్కగానొక్క కూతురు. మండవల్లి రోడ్డులో చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ ఒకటుంది. అది చూస్తానంది. ఒక పగలు అక్కడ కూర్చుని, మర్నాడు మాస్టారి అరుగు మీద నిలబడి చెప్పింది.

"ఒక చుక్క మందు వేసి సీసా కదపాలండి. మళ్ళీ చుక్క వెయ్యాలి, మళ్ళీ కదపాలి. రంగు మారేదాకా కన్ను తిప్పకూడదండి. ఒక సీసా అయ్యాక ఇంకొకటి. మా నాన్న చెరువు సీసా కూడా వచ్చిందండి."

"విసుగొచ్చిందా?"

"వచ్చిందండి. కానీ ఎప్పుడు మారుద్దా అని అలా చూస్తా ఉండిపోయానండి. అన్నం తినడం కూడా మర్చిపోయాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పదయ్యాక చేరే ఫిషరీస్ డిప్లొమా ఒకటుందని, ఆ తర్వాత ఏమేం చదవొచ్చో, ఆ దారి ఎక్కడిదాకా వెళుతుందో వివరంగా చెప్పారు. ఆ పిల్ల మొహం నేనెప్పుడూ అంత వెలుగుతో చూడలేదు. ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకు చెప్పింది. అన్నయ్య వినలేదు. హైవే పక్క రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీకి సీటు మాట్లాడేశాడు. పిల్ల ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది, నేను మాస్టారికి చెప్పాను. అడక్కుండానే ఆయన మండవల్లిలో అన్నయ్య ఇంటికి బయల్దేరారు.

నేనూ ఆ పూట అక్కడే ఉన్నాను. వదిన కాఫీ తెచ్చింది.

"ఏం బాబూ, విసుగెలా ఉంది?" అన్నారు మాస్టారు.

అన్నయ్య నవ్వాడు. "మాకెక్కడి తీరికండీ విసుక్కోడానికి."

"అమ్మాయి చూసొచ్చింది, బాబూ. బాగా చూసొచ్చింది. నా సర్వీసులో అలా చూసొచ్చినవాళ్ళు తక్కువ. ఒక్కసారి నువ్వు కూడా దాని మాట విను."

"సీటు మాట్లాడేశామండీ."

"నీ చెరువులో చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలితే నువ్వు సీసా పట్టుకుని పరిగెత్తేది ఎవరి దగ్గరికి బాబూ?"

"ఆ ల్యాబ్‌కి నేను పరిగెడతాను గానీ, నా కూతురు అక్కడ కూర్చోదండీ" అన్నాడు అన్నయ్య. అక్కడితో ఆగినా బాగుండేది. "మా చెల్లెల్ని కండక్టర్ని చేశారు. చాల్లేదాండీ మాస్టారూ?"

వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. అన్నయ్య కేసి చూడలేదు, నా కేసి చూశారు. "అమ్మా, నీ పని నీకు బాగుందా?"

"బాగుందండి."

"విన్నావా బాబూ?"

"వినడానికేముందండీ" అన్నాడు అన్నయ్య.

మాస్టారు లేచారు. బస్టాపు దాకా నేను వెంట నడిచాను. దారిలో ఆయనే అన్నారు: "మీ అన్నయ్యని కూడా చూసి రమ్మన్నానమ్మా, పదో తరగతిలో. బ్యాంకు చూసొచ్చానని చెప్పాడు. అక్కడ విసుగే లేదన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. విసుగే లేదన్నాడంటే వెళ్ళలేదన్నమాట. నాకప్పుడే తెలుసు. చక్కగా చెప్పాడు కదా అని నవ్వి వదిలేశాను. అతన్ని ఆ రోజే మళ్ళీ పంపించాల్సింది." బస్సు వచ్చింది. ఆయన ఎక్కి, ఎప్పుడూ కూర్చునే ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ నేనాయన్ని చూడలేదు.

మాస్టారి మీద కూడా నాకు కోపమే. పిల్లల దగ్గర అంత గట్టిగా నిలబడే మనిషి తండ్రుల దగ్గరకొచ్చేసరికి మెత్తబడిపోయేవారు. ఒక్కసారి గొంతు పెంచి ఉంటే ఏమయ్యేదో. ఏమీ అయ్యేది కాదని నాకూ తెలుసు. చెవిటివాడి ముందు శంఖం ఎంత గట్టిగా ఊదితే ఏం లాభం?

బళ్ళో సంస్మరణ సభ పెట్టారు. గేటు దగ్గర ఫ్లెక్సీలో మాస్టారి ఫొటో, ఆ ఫొటో కంటే పెద్ద అక్షరాలతో కాలేజీ పేరు. ఆయన మెత్తగా సాగనంపిన ఆ కాలేజీయే. కింద 'మా శ్రేయోభిలాషికి అశ్రునివాళి' అని రాయించారు. వేదిక మీద ఇంజనీర్ల పేర్లు, డాక్టర్ల పేర్లు వరసగా చదివి, వీళ్ళంతా ఆయన చలవే అన్నారు. అందులో చాలామందిని ఆయన వద్దన్న దారిలోనే వాళ్ళ తండ్రులు పంపించారు. ఆయన మాట విని లైన్‌మన్ అయినవాడు మైకు వైర్లు సరిచేస్తున్నాడు. నర్సయిన అమ్మాయి మాస్టారమ్మగారి పక్కన కూర్చుని నీళ్ళు తాగిస్తోంది. వాళ్ళ పేర్లు ఎవరూ చదవలేదు.

తర్వాత మా అన్నయ్యను పిలిచారు. మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "మాస్టారు మా పాలిట దేవుడండీ. పదో తరగతిలో నన్ను బ్యాంకు చూసిరమ్మన్నారండీ. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బ్యాంకులో కూర్చున్నానండీ. పని విలువంటే ఏంటో అక్కడే తెలిసిందండీ" అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న మేనకోడలు కూడా, వాళ్ళ నాన్న కేసి చూస్తూ, నెమ్మదిగా రెండు చేతులూ కలిపింది. దానికి నేను నిజం చెప్పలేదు. ఏమని చెప్పను? మాస్టారు ఉంటే నవ్వి వదిలేసేవారు. నాకు నవ్వు రాలేదు.

పోయిన ఆదివారం దాన్ని చూడ్డానికి అన్నయ్య, వదినలతో పాటు హాస్టల్‌కి వెళ్ళాను. రేకుల షెడ్డు కింద తల్లిదండ్రులందరూ క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. వదిన కలిపిన ముద్దలు తింటూ పిల్ల తలాడిస్తోంది. చదువు ఎలా ఉందని వాళ్ళ నాన్న అడిగితే బాగుందంది. నేను మాస్టారి ప్రశ్న అడుగుదామనుకున్నాను. జవాబు తెలిసి అడగడం దేనికని ఊరుకున్నాను.

అదే నా కేసి తిరిగింది. "విసుగెలా ఉందత్తా?"

"అలాగే ఉందే" అన్నాను.

"అయితే బాగున్నావు" అంది.

గంట కొట్టారు. చెయ్యి కడుక్కుని, తన మంచినీళ్ళ సీసా తీసుకుని లేచింది. గేటు వైపు పిల్లలంతా వరసలో నడుస్తున్నారు. అది మాత్రం నడుస్తూనే సీసాను ఎండకేసి ఎత్తి, ఒకసారి కదిపి, అందులోకి చూసింది. మళ్ళీ కదిపింది. గేటు లోపలికి వెళ్ళేదాకా అలా చూస్తూనే ఉంది.