ఆఖరి రోజు డబ్బా

బ్రాంప్టన్‌లో మా ఇంటికి దగ్గరి సూపర్‌మార్కెట్‌లో, వండి డబ్బాల్లో పెట్టిన పదార్థాలకోసం పొడుగాటి ఫ్రిజ్ ఒకటి ఉంటుంది. దాని ముందు నిలబడితే మొదట మోకాళ్ళకు చలి తగులుతుంది. తరవాత ఎవరో ఒకరు డబ్బా తీసి, మూత సరిగ్గా పడిందో లేదో అని బొటనవేలితో నొక్కిన టప్పుమనే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడుకు నేను అటు తిరుగుతాను. ఆ డబ్బాల్లో సగం మా కంపెనీవే. సోయా సాసు, చక్కెర వేసి ఉడికించిన గుమ్మడికాయ, నువ్వుపొడి కలిపిన పాలకూర, చాపలా చుట్టిన గుడ్డట్టు. డబ్బా తీసుకున్న మనిషి వెనకే, ఏదో కొనేవాడిలా, పాల వరస దాకా నడుస్తాను. ఇతనికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా, ఒక్కడే తింటాడా, ఇవాళే తింటాడా, దాచిపెట్టుకుని తింటాడా అని నాకు బెంగ. ఏదో ఒకరోజు సెక్యూరిటీ వాళ్ళు పట్టుకుంటే మీరెవరో నాకు తెలియదని చెబుతానని మా ఆవిడ ముందుగానే హెచ్చరించింది. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మిచికో సాన్ అంటించి వెళ్ళిపోయింది.

సాన్ అంటే మన గారు. వాంకూవర్‌లో ఒక బస్‌స్టాపు పక్కన ఆవిడకు చిన్న జపాను డెలి ఉండేది. కూర్చుని తినే చోటు కాదు. అద్దాల వెనక వండిన పదార్థాలు పళ్ళేల్లో పెట్టి ఉంటే, పనినుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు కావలసినంత కట్టించుకుని పోతారు. నేను ఉద్యోగానికి వెళ్ళినరోజు, తెనాలిలో పెళ్ళిళ్ళకు వేలమందికి వండిన చెయ్యి ఇది అని చెప్పాను. ఆ పెళ్ళిళ్ళలో నేను చేసిందల్లా నెయ్యి గిన్నె పట్టుకుని బంతుల మధ్య తిరగడం. ఆవిడ ఒక బంగాళాదుంప, ఒక కత్తి నా చేతికిచ్చింది. నేను తొక్క తీశాక మిగిలిన దుంపను అటూ ఇటూ తిప్పి చూసింది. అది నిమ్మకాయంత ఉంది.

"ప్రసాద్ సాన్, మీ చేతికి పని రాదు. నోటికి వచ్చు. మీరు కౌంటర్ దగ్గర నిలబడండి," అంది.

నిలబడ్డాను. ఆ గుమ్మడికాయ కాసిన పాదు ఫ్రేజర్ నదికి ఇవతల వేళ్ళూ అవతల కాయలూ వేసిందనీ, కాయలు కోయడానికి పడవ మాట్లాడుకోవలసి వచ్చిందనీ చెప్పేవాణ్ణి. మా తాతయ్య కాకినాడ రేవులో దారితప్పిన జపాను నావికుడికి ఆవకాయ అన్నం పెట్టి, బదులుగా ఈ గుడ్డట్టు చుట్టే విద్య నేర్చుకున్నాడని చెప్పేవాణ్ణి. జనం నవ్వుతూ ఇంకో వంద గ్రాములు ఎక్కువ కట్టించుకునేవారు. కథ చెప్పేటప్పుడు నా చేతులు గాలిపటాల్లా లేస్తాయట. అద్దాలకు తగులుతున్నాయి, కిందికి పెట్టుకోండి అని ఆవిడ లోపలినుంచి మందలించేది. కథలు ఆపమని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. రోజూ ప్రతి వంటకంలోంచి కొంచెం తీసి ఫ్రిజ్‌లో దాచేది. మర్నాడు పొద్దున షాపు తెరవకముందు దాన్ని వేడి చేయకుండా, మాకందరికీ వీపు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడి తినేది. మొదట్లో ఇదేదో జపాను పూజ అనుకున్నాను. ఒకసారి అడిగితే, మన వంట ఎవరో తినేటప్పుడు మనం అక్కడ ఉండం కదా అంది. అలసిపోయి ఇంటికి వెళ్ళిన మనిషి, స్టవ్ కూడా వెలిగించకుండా, ఒక్కరే తింటారు. మనుషులు ఎదురుగా ఉంటే ఏదైనా రుచిగానే ఉంటుంది. గోడ ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో చూడాలి అని కూడా అంది. ఆ మాట నాకు బాగా పట్టింది. మా ఇంట్లో విస్తరి ముందు ఎవరో ఒకరు నిలబడి, ఇంకొంచెం వెయ్యనా, ఉప్పు సరిపోయిందా అని అడుగుతూనే ఉంటారు. కూరలో లోపాన్ని సగం ఆ అడగడమే సరిచేస్తుంది. డబ్బాలో పెట్టి అమ్మే వంటకు ఆ వెసులుబాటు లేదు. మూత పడ్డాక కొసరి వడ్డించే చెయ్యి ఉండదు.

షాపు ముందు వరస పెరిగింది. ముఖ్యంగా కొరొక్కె కోసం. అది మన ఆలూ కట్లెట్‌కు వేలు విడిచిన మేనమామ వరస. వేడివేడిగా పటపటలాడుతుంటే కాగితంలో పట్టుకుని బస్సు ఎక్కేవారు. అంతలో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ చెయిన్ వాళ్ళు వచ్చి, ఇవన్నీ మా దుకాణాలన్నిటికీ ఇవ్వగలరా, అన్నిటికన్నా ముందు కొరొక్కె కావాలి అన్నారు. మిచికో సాన్ తమ్ముడి కొడుకు కెన్‌జీ ఎగిరి గంతేశాడు. లెక్కలు చదువుకున్న కుర్రాడు, చురుకైనవాడు. ఆ ఆర్డర్‌ను నమ్ముకుని ఊరి చివర పెద్ద వంటశాల అద్దెకు తీసుకున్నారు. కొత్తవాళ్ళను పెట్టుకున్నారు. భీమవరం దగ్గరి సారమ్మ ఆంటీ అప్పుడే చేరింది. ఇద్దరు స్టూడెంట్లకు బేస్‌మెంట్ అద్దెకిచ్చి, ఆదివారం చర్చి, మిగతా రోజులు మా దగ్గర బంగాళాదుంపలు. నా వర్క్ పర్మిట్ కంపెనీ పేరు మీద ఉంది, పీఆర్, అంటే అక్కడే స్థిరపడే అనుమతి, ఇంకా రాలేదు. ఆర్డర్ పోతే వంటశాల పోతుంది, వంటశాల పోతే నేను సామాను సర్దుకోవాలి. అందరికీ ఎవరి లెక్కలు వాళ్ళకు ఉన్నాయి, అందరి లెక్కా కొరొక్కె దగ్గరే ఆగుతోంది.

సరిగ్గా ఆ చలికాలంలో మిచికో సాన్‌కు జ్వరం వచ్చింది. తగ్గింది కానీ పోతూ పోతూ వాసననూ రుచినీ పట్టుకుపోయింది. పొద్దున్నే గోడవైపు తిరిగి నిలబడటం మానలేదు. తినేది, నమిలేది, కదలకుండా నిలబడిపోయేది. ఒకరోజు తిరిగి చూసినప్పుడు ఆవిడ ముఖంలో చీకట్లో మెట్టు తప్పినవాళ్ళ భయం కనిపించింది. అవి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టర్ అన్నాడట. ఈ సంగతి కొనేవాళ్ళకు తెలియనివ్వలేదు. వంటశాలలో మాత్రం అందరికీ తెలుసు.

శాంపిల్ డబ్బాలు తయారయ్యాయి. కొరొక్కె వేయించి, చల్లార్చి, పక్కన కాస్త గుమ్మడికాయ సర్ది, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం. డబ్బా మీద ఏ తేదీ దాకా తినవచ్చని రాస్తామో ఆ తేదీనే తిని చెప్పాలని ఆవిడ అందరికీ తలా ఒకటి ఇచ్చి ఇంటికి పంపింది. వేడి చేయవద్దు, ఏమీ కలపవద్దు, ఎవరితోనూ కలిసి తినవద్దు. తన నాలుక బదులు మా నాలుకలు అరువడుగుతోందని మాకు తెలుసు.

మా అద్దె ఇంట్లో ఒంటరితనం దొరకదు. అందుకని పార్కింగ్‌లో కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, వానచుక్కలు చూస్తూ తిన్నాను. ఒక ముక్క కొరికాను. మళ్ళీ కొరికాను. పైపెచ్చు తడిసిన అట్టముక్కలా సాగింది. లోపల దుంప నిన్నటి నూనె వాసన వేసింది. నా పర్మిట్ గుర్తొచ్చింది. మూడో ముక్క కొరికి, బాగుందేమో అని మనసును బతిమాలాను. మనసు ఒప్పుకుంది, నాలుక ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున అందరం బల్ల చుట్టూ చేరాం. బాగుంది అన్నారు ఒకరి తరవాత ఒకరు. సారమ్మ ఆంటీ అయితే ప్రభువు దయవల్ల అద్భుతంగా ఉందని సాక్ష్యం చెప్పింది. నా వంతు వచ్చింది. కొరొక్కె బాగా లేదు, పంపకూడదు, గుమ్మడికాయ బాగుంది అన్నాను.

కెన్‌జీ నవ్వేశాడు. "అత్తా, గుమ్మడిపాదు నది దాటిందని చెప్పిన మనిషి ఈయన. ఈయన మాట మీద ఇంత పెద్ద ఆర్డర్ వదులుకుంటామా?"

బల్ల చుట్టూ కొందరు నవ్వారు. అబద్ధాలు చెప్పి అంతమందిని నమ్మించాను, ఒక్క నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. చెవులు వేడెక్కాయి. మిచికో సాన్ నవ్వలేదు. ఎలా తిన్నారో చెప్పండి అని ఒక్కొక్కరినీ అడిగింది. అప్పుడు బయటపడింది. ఒకరు మైక్రోవేవ్‌లో వేడి చేసుకున్నారు. ఒకరు ఇంటిల్లిపాదికీ పంచారు. సారమ్మ ఆంటీ నావైపు తిరిగి, ఆవిడకు నువ్వే సర్దిచెప్పు అన్నట్టు తెలుగులో అంది: "చద్దన్నమే ఆవకాయ లేకుండా మింగలేని దాన్ని, చల్లటి కట్లెట్ ఎలా తింటానయ్యా? పెనం మీద కాస్త కాల్చాను. కింద పిల్లలు ఆకలిమీదున్నారు, వాళ్ళకీ చెరో ముక్క పెట్టాను. పిల్లల్ని చూస్తూ ఒక్కదాన్నే తినమంటే నా వల్ల కాదు." నేను ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

మిచికో సాన్ చాలాసేపు నా చేతులవైపు చూసింది. అవి బల్ల మీద ఉన్నాయి.

"కథ చెప్పేటప్పుడు ఈయన చేతులు ఆడతాయి. ఇప్పుడు ఆడలేదు," అంది కెన్‌జీతో. తరవాత నాతో, "మీరు ఒక్కరే తిన్నారా?"

"కారులో తిన్నానండీ."

"భయపడ్డారా?"

"ఇప్పటికీ భయంగానే ఉంది."

ఆవిడ లేచి స్వయంగా ఫోన్ చేసింది. కొరొక్కె ఇవ్వలేము, అది షాపు దగ్గర వేడిగా తినవలసిన వస్తువు, మిగతావి ఇస్తాము అని చెప్పింది. అవతలివాళ్ళు చర్చించుకుని చెబుతామన్నారు. ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకే మాటలు చాలవు. కెన్‌జీ నాతో మాట్లాడలేదు. కొత్త వంటశాలలో పెద్ద పెద్ద గిన్నెలు బోర్లించి ఉండేవి. ఫోన్ మోగితే అందరి చేతుల్లో కత్తులు ఆగేవి. సారమ్మ ఆంటీ నా కోసం, ఆర్డర్ కోసం కలిపి ఒకే ప్రార్థన చేసేది. నేను నిజం చెప్పినందుకు నన్ను నేను తిట్టుకోని పూట లేదు.

చివరికి చిన్న ఆర్డర్ వచ్చింది. అడిగినదాంట్లో కొంతే, కొన్ని దుకాణాలకే. ఆ కాస్తతోనే వంటశాల నిలబడింది, నా పర్మిట్ నిలబడింది. గుమ్మడికాయ మెల్లమెల్లగా పాకింది. నిజంగానే నది దాటింది, కొండలు కూడా దాటి ఒంటారియో చేరింది. బ్రాంప్టన్ పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో రెండో వంటశాల పెట్టినప్పుడు నన్నే పంపారు. పంపమని చెప్పింది కెన్‌జీ. మిచికో సాన్‌కు వాసన కొంత తిరిగి వచ్చింది, మొదట మాడువాసన, తరవాత నువ్వులు. ముందున్నంత ఎప్పుడూ రాలేదు. ఊరు దాటి, సరుకు పెరిగి, కంపెనీ పెద్దదయినకొద్దీ ఆవిడ సంతోషపడటం నేను చూడలేదు. ఒకసారి ఫోన్‌లో, పెద్దవాళ్ళమయ్యామంటే ఏమిటి ప్రసాద్ సాన్, మనం చూడని గోడలు ఎక్కువయ్యాయి, అంతే కదా అంది. పోయిన చలికాలంలో ఆవిడ పోయింది. కబురు కెన్‌జీ ఫోన్‌లో చెప్పాడు.

ఇప్పుడు వాన్‌లో ఏ కొత్త వంటకం మొదలుపెట్టినా, ఆఖరి తేదీ డబ్బా నాకే ఇచ్చి ఒక ఖాళీ గదిలోకి పంపుతారు. గోడవైపు తిరిగి నిలబడి తింటాను. తలుపు అద్దంలోంచి కొత్త కుక్‌లు, అమ్మకాలవాళ్ళు, ఒప్పందాలు చేతిలో పట్టుకున్నవాళ్ళు నా వీపును చూస్తుంటారు. బయట నేను చెప్పేది నమ్మేవాడు లేడు, నమ్మితే నాకే చిన్నతనం. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం నేనేం చెబుతానో అని వాళ్ళందరూ భయపడతారు. వాళ్ళకంటే నేనే ఎక్కువ భయపడతాను.