నిప్పుకొండ వద్దన్న మా మామ

మధ్యాహ్నం దుకాణం ముందర సిమెంటు లోడు దించుతుంటే మా అత్త ఫోను చేసింది. "అల్లుడా, మీ మామ పిలిస్తే పలకల్యా" అంది. తర్వాత ఏడుపు తప్ప ఇంకేమీ వినపడలేదు. నేను పోయేసరికి ఆయన మంచం మీద, తలుపుకు వీపు పెట్టి, ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. అన్నం తిని నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. తలుపుకు వీపు పెట్టి పడుకోవడం ఈ ఏడాదే నేర్చుకున్నాడు మా మేనమామ. అదెట్లా నేర్చుకున్నాడో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన బతికుండగా ఆయనకే చెప్పలేకపోయిన మాట ఒకటి అందులో ఉంది.

మా నాయన నా చిన్నప్పుడే పోతే, నన్ను చదివించి ప్రొద్దుటూరులో సిమెంటు దుకాణం పెట్టించింది మామే. ఆయనది జమ్మలమడుగు దగ్గర పెన్న అవతలి పల్లె. పార్టీల పేరు చెప్పి ఇంటి మీద ఇల్లు బాంబులు వేసుకున్న రోజుల్లో, ఒక్క పూటలో ఊరు విడిచి వచ్చాడు. కువైట్‌లో పదేళ్ళు లారీ తోలాడు, తిరిగొచ్చి సొంత లారీ కొన్నాడు, ఇల్లు కట్టాడు. గంట దూరంలో ఉన్న సొంత ఊరికి మాత్రం నలభై ఏళ్ళుగా పోలేదు. అడిగితే "ఆడ ఏముందప్పా, కూలిన మిద్దెలు తప్ప" అనేవాడు.

హోటల్లో ఆయన ఎప్పుడూ గోడకు ఆనుకుని, తలుపు కనిపించే చోటే కూర్చునేవాడు. నా దుకాణానికి వెనక షట్టరు పెట్టేదాకా మేస్త్రీని వదల్లేదు. "ఎనక దోవ లేని ఇంట్లో తిన్న కూడు ఒంటికి పట్టదప్పా" అనేవాడు. ఇంకో అలవాటు, ఎవరు ఒక్కసారి పిలిచినా చాలు, "వస్తాండా" అని పరిగెత్తడం. పక్కింటివాళ్ళు వాళ్ళ గేదెను అదిలించినా పలికేవాడు. మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాడు.

కాలేజీ రోజుల్లో ఒక ఎలక్షన్లప్పుడు నేను పార్టీ కండువా వేసుకుని జీపెక్కబోయాను. మామ తిట్టలేదు, కొట్టలేదు. కండువా తీసి నా చేతికే ఇచ్చి, "లారీ తుడువు" అన్నాడు. చక్రాలతో సహా తుడిపించాడు. "ఇప్పుడు చెప్పు, ఇది ఏ పార్టీదో" అన్నాడు. గుడ్డంతా బురద రంగు. జీపు నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. అందులో పోయినవాళ్ళు ఇద్దరు ముప్పై నిండకుండానే పోయారు. నాకు మనవరాలు పుట్టింది. ఆయనకు నేను పడిన రుణం ఇంతకంటే వేరే చెప్పనక్కర్లేదు.

పోయినేడు సిమెంటు కంపెనీ వాళ్ళు బాగా అమ్మిన డీలర్లను ఇటలీ వైపు ఓడలో తిప్పుతామన్నారు. ఒక్కొక్కరికి రెండు టిక్కెట్లు. "కడప బస్సెక్కితేనే వాంతులు, నాకు ఓడ వద్దు" అంది నా భార్య. అందుకని మామను తీసుకుపోయాను. చెనిక్కాయల పొడి సీసా చంకన పెట్టుకుని వచ్చాడు.

నాలుగో రోజు ఓడ నేపుల్స్ రేవులో ఆగుతుందనగా, టూరు మేనేజరమ్మ మాకొక కాగితం ఇచ్చింది. ఆ ఊరి దగ్గర ఒక అగ్నిపర్వతం ఉంది. రెండువేల ఏళ్ళ కిందట అది బూడిద కక్కితే కింద ఒక పట్నం పట్నమే పూడిపోయింది. ఉన్నది ఒక్క పగలు. కొండెక్కేవాళ్ళు ఒక బస్సు, పాడుబడిన పట్నం చూసేవాళ్ళు ఇంకో బస్సు. ఏదో ఒకటే.

మాతో వచ్చిన పులివెందుల డీలరు కాగితం చూడకుండానే కొండకు టిక్కు పెట్టాడు. "రాళ్ళు చూసేదానికి ఇంత దూరం రావల్లనా? మనకు గండికోట ల్యా?" అన్నాడు. మామ కూడా, "నిప్పుకొండకే పోదాం అల్లుడా. కూలిన ఇండ్లు నేను చూడందా?" అన్నాడు. నాకూ కొండే ఇష్టం. రెండు టిక్కులు పెట్టి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున బస్సుల దగ్గర మేనేజరమ్మ చెబుతోంది. కొండ మీద ఇప్పుడు మంట కనపడదు, కొంచెం పొగ ఉంటుందంతే. కింద పట్నంలో అయితే చచ్చిపోయినవాళ్ళు బూడిదలో ఎట్లా పడ్డారో అట్లాగే, అచ్చు పోసినట్టు ఉన్నారు. కొందరు తలుపుల దగ్గరే.

మామ బస్సు మెట్టు మీద కాలు పెట్టినవాడు దిగాడు. "తలుపుల కాడనా?" అని అడిగాడు. ఆమె అవునంది. "అల్లుడా, నిప్పుకొండ వద్దు. ఆడికే పోదాం పా" అన్నాడు. అంతమంది ముందు బతిమాలి బస్సు మార్పించుకోవడం నాకు తలకొట్టేసినట్టయింది. విసుక్కున్నాను కూడా. ఆ విసుగు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ పట్నంలో జనం గోడల మీది బొమ్మలు చూస్తుంటే, మామ గడపలు చూస్తూ నడిచాడు. గడియ బిగించే బెజ్జాలు వేలితో తడిమేవాడు. "ఈ ఇంటికి ఎనక దోవ ల్యా. వీళ్ళు చచ్చినట్టే" అనేవాడు, నిన్న జరిగినట్టు. ఒకచోట అద్దాల పెట్టెలో ఒక మనిషి అచ్చు, మోకాళ్ళు ముడుచుకుని, చెయ్యి పైకెత్తి ఉంది. మామ దాని ముందు ఆగిపోయాడు.

"అమ్మా, ఈయప్ప తలుపుకు లోపలున్న్యాడా, బయటున్న్యాడా?"

మేనేజరమ్మ గైడును అడిగి, తెలీదట అంది.

"బయట నుంచి పిలిచింటే లోపలోళ్ళకు ఇనపడింటాదా?"

మామ పక్కనే ఒక గడప మీద కూలబడి, నలభై ఏళ్ళుగా మాకెవరికీ చెప్పనిది చెప్పాడు.

ఆయనకొక తమ్ముడు, మా చిన్నమామ. అవతలి పార్టీలో చేరి రెండేళ్ళు అన్నతో మాట మానేశాడు. ఆయన్ను వీధిలో చంపారని మాత్రమే మాకు తెలుసు. "మా ఊర్లో ఒక కట్టడి ఉన్న్యాది అల్లుడా. పేరు పెట్టి పిలిచినా, వరస పెట్టి పిలిచినా, మూడోసారికే తలుపు తీయల్ల. పగోని మనిషి రెండు పిలుపులకు పైన నిలబడడు. మూడోసారి పిలిచేటోడు మనోడు. మా తమ్ముడు మిట్టమధ్యాన్నం వచ్చినాడు. 'అన్నా' అన్న్యాడు. మళ్ళా 'అన్నా' అన్న్యాడు. నేను గడియ మీద చెయ్యేసి మూడోదానికి కాసుకోనుండా. రాల్యా. మీ అత్తను తీసుకోని ఎనక దోవన పొయినా. వాడు ఆ తలుపుకే ఆనుకోని పడిపొయినాడంట. నన్ను చంపను వచ్చినాడో, కాపాడమని వచ్చినాడో తెలీదు. ఆ గడియ ఈపొద్దుకూ ఏసే ఉంది."

తిరుగు ప్రయాణమంతా ఆయన ఒక్కటే అడిగాడు. "ఆ గడియ తీయకుండా నేను చావకూడదప్పా. తోడు రా."

ప్రొద్దుటూరికి తిరిగొచ్చిన మూడో రోజు పగటిపూట మామ పల్లెకు పోయాం. ఊరంతా ముళ్ళకంప. మామ ఇంటి మిద్దె కూలి, వెనక గోడ పడి, ఎవరైనా నడిచి లోపలికి పోవచ్చు. వీధి గోడ మాత్రం నిలబడి ఉంది, దాంట్లో తలుపు, దానికి అడ్డంగా గడియమాను. మామ వెనక నుంచి లోపలికి పోయి దాని మీద చెయ్యి వేశాడు. "నువ్వు బయటికి పొయ్యి పిలువు. మూడు పిలుపులయితేనే తీస్తా" అన్నాడు.

వీధిలోకి పోయి తలుపు ముందర నాపరాయి మీద నిలబడ్డాను. "మామా" అన్నాను. ఎండలో ఎక్కడా చప్పుడు లేదు. మళ్ళీ "మామా" అన్నాను. మూడోది పిలవబోయి ఆగాను. నా వెనక ఎవరో తన వంతు కోసం ఆగినట్టు అనిపించింది. తిరిగి చూశాను, కంపచెట్లు తప్ప ఎవరూ లేరు. భయపడ్డాను, నిజం.

అంతలో లోపల గడియమాను కిర్రుమంటూ కదిలింది. తలుపు తెరుచుకుంది. మామ ముఖమంతా తడి.

"ముందు రెండు మామా అన్న్యావు. మూడోది సరిగ్గా పిలిచినావప్పా, వాని మాదిరే, అన్నా అని" అన్నాడు.

నేను రెండుసార్లే పిలిచాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. "ఊఁ మామా" అన్నాను. ఆ ఏడాదంతా ఆయన పసిపిల్లవాడిలా నిద్రపోయాడు, అందుకే ఆ అబద్ధానికి నాకు చింత లేదు.

ఆ పొద్దు గడప దగ్గర మామ పక్కకు జరిగి, నన్ను కాకుండా నా భుజం మీదుగా చూస్తూ, "రా, ఎండలో నిలబడొద్దు" అన్నాడు. నేను గడప దాటి లోపలికి వచ్చాను. ఆయన వెంటనే తలుపు వేయలేదు. ఇంకొక మనిషి చెప్పులు విడిచి లోపలికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు రెక్క పట్టుకుని నిలబడి, ఆ తర్వాత మెల్లగా మూశాడు.