మధురపూడి దారిలో, సంతకానికి ముందు

పని ఎక్కువగా ఉండే సాయంత్రాల్లో నా పక్కన రెండో మనిషిని కూర్చోబెడతానని మా షిఫ్టు ఇన్‌ఛార్జి ముప్పై ఏళ్ల కిందట మాటిచ్చాడు. కూర్చోబెట్టలేదు. అప్పట్లో నేను ఒక పెద్ద విమానాశ్రయంలో కంట్రోలర్ని. ఆకాశంలో ఏ రెండు విమానాలూ దగ్గరపడకుండా చూడటం నా పని. ఒక సాయంత్రం రెండు దగ్గరపడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు, నా ఉద్యోగానికి తప్ప. తప్పంతా నాదేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టి, మిగతా సర్వీసు ఫైళ్ల గదిలో గడిపాను. కోపం తగ్గడానికి చాలా పుస్తకాలు చదివాను. ఏదీ పనిచెయ్యలేదు. మొన్న మేనకోడలు శ్రీలత ఫోన్ చెయ్యగానే నేను తునిలో రైలెక్కింది అందుకే.

తనూ కంట్రోలరే, వేరే ఊళ్లో. తనకీ అదే జరిగింది. సెలవు మీద రాజమండ్రి వచ్చింది. మధ్యాహ్నం మధురపూడిలో విమానం ఎక్కాలి, మర్నాడు సంజాయిషీ అడుగుతూ వచ్చిన మెమోకి జవాబివ్వాలి. తుని నుంచి ఎక్స్‌ప్రెస్‌లో గంటన్నర ప్రయాణం. అన్నవరంలో ప్రసాదం పొట్లాలతో ఎక్కిన జనానికి మోకాళ్లు ముడుచుకుని చోటిచ్చాను. పదిన్నరకి దిగేసరికి శ్రీలత స్టేషన్ బయట ఆటోలో ఉంది. మధురపూడికి నాలుగు వందలన్నాడు డ్రైవరు.

దారిలో చెప్పింది. ఆ రోజు మబ్బుల వల్ల పైలట్లందరూ దారి మార్చమని అడుగుతున్నారు. అంత రద్దీలో తను కుర్చీలో కూర్చుంది. కుర్చీ అప్పగించి లేచిన అధికారి పది నిమిషాలు వెనకే నిలబడి చూడాలి. ఉంచమని తను అడిగినా, మనుషులు చాలక సూపర్‌వైజర్ ఆయన్ని వెంటనే వేరే బల్లకి పంపేశాడు. ఆయన కిందికి దిగమన్న విమానం సంగతి తనకి ఆలస్యంగా తెలిసింది, అప్పటికే అది ఇంకోదానికి దగ్గరపడింది. ఏకాగ్రత లోపించిందని రాసి సంతకం పెట్టేయమన్నాడట వాళ్ల నాన్న. ఆయన మా శాఖలోనే గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు.

కోరుకొండ రోడ్డులో పాక హోటల్ దగ్గర ఆగాం. పెనం మీద ఆరు పెసరట్లు. వేస్తున్నావిడ అట్లకాడ భర్తకిచ్చి, అక్కడే నిలబడింది. ఆ మూలది ఉల్లిపాయ లేకుండా, ఇది ఇప్పుడే తిప్పాను అని చెబుతోంది. వెళ్లి కూర్చోవచ్చుగా అన్నాను.

"ఆరు అట్లకి ఆరు లెక్కలండి బాబుగారూ. నా బుర్రలోవి ఈయన బుర్రలోకి ఎక్కేదాకా ఉండాలి కదండీ."

"పెళ్లయినప్పట్నించీ వెనకాలే ఉందండి, ఇంకా నమ్మకం కుదర్లేదు," అన్నాడాయన.

శ్రీలత నవ్వలేదు. చెయ్యి కడుక్కొచ్చి, బ్యాగులోంచి జవాబు కాగితం తీసి, ఏకాగ్రత మాట కొట్టేసింది. అప్పగించిన అధికారిని పది నిమిషాలు ఉంచమని అడిగానని, సూపర్‌వైజర్ ఒప్పుకోలేదని రాసింది.

"ఇది పంపితే నన్ను బల్ల దగ్గర్నుంచి తీసేస్తారా మావయ్యా?"

"తీసెయ్యొచ్చమ్మా. పంపకపోతే మాత్రం రేపు ఆ కుర్చీలో ఇంకొకరికి ఇదే జరుగుతుంది."

 సంతకం పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి అక్కణ్నుంచే పంపేసింది.

స్టేషన్ నుంచి మధురపూడికి గంట చాలంటారు. మీరు గంటన్నర పెట్టుకోండి, ఆ రోడ్డులోనే తినేయండి. దిగే ముందు విమానం రెండు చుట్లు తిరిగితే విసుక్కునేవాళ్లని చాలామందిని చూశాను. కింద ఒక మనిషి మిమ్మల్ని ఇంకొకరికి దూరంగా ఉంచుతున్నాడు, ఆ మనిషి వెనక ఎవరూ లేకపోవచ్చు. మా ఇన్‌ఛార్జిని ఎప్పుడో క్షమించాను, అతనికీ మనుషుల్లేరు. ఆనాడు నా పక్కన కూర్చుని, "తప్పు ఒప్పేసుకో, తర్వాత నేను చూసుకుంటాను" అని కలం చేతికిచ్చి, మొన్న కన్నకూతురికీ అదే సలహా చెప్పిన మనిషిని మాత్రం క్షమించలేదు. మా బావ, సూర్యనారాయణ.