జలుబు ముక్కుతో పన్నెండేళ్ల రమ్ము

అమీర్‌పేటలో గోడల అసలు రంగేమిటో ఎవరికీ తెలియని రోజులవి. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే. బస్సు దిగిన ప్రతి కుర్రాడి చేతిలోనూ జిరాక్సు నోట్సు, కళ్లలో కాల్‌లెటరు. ఊరంతా కొత్త భాషలు నేర్చుకుంటున్న ఆ కాలంలో నేను మాత్రం ఒక దినపత్రికలో ట్రైనీ సబ్‌ఎడిటర్‌గా చేరి, ఏ హాల్లో ఎవరి ఉపన్యాసం, ఏ గుళ్లో ఏ హోమం అన్న వివరాలు చిన్న అక్షరాల్లో పేర్చుతుండేవాణ్ని. (ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే, నా తప్పులు కూడా ఎవరికీ కనిపించేవి కావు.) ఎలాగైనా ఆదివారం అనుబంధంలోకి మారాలన్నది అప్పటి నా జీవితాశయం.

ఆ అనుబంధం చూసే ఇన్‌ఛార్జి గారు ఓ మధ్యాహ్నం నన్ను పిలిచి, "నువ్వు తాగుతావా?" అనడిగారు. ఉద్యోగం పోయిందనుకుని, "లేదండీ, ఒట్టు" అన్నాను. "అయితే నువ్వే వెళ్లాలి" అన్నారాయన. పంజాగుట్టలో ఒక పెద్ద హోటల్లో పన్నెండేళ్లు నిలవబెట్టిన రమ్మును పత్రికలవాళ్లకు రుచి చూపిస్తున్నారట. ఇదివరకు అలాంటి కార్యక్రమాలకు వెళ్లిన మా సీనియర్లు క్షేమంగానే తిరిగొచ్చారు గానీ, కాపీ మాత్రం రాలేదు. అందుకని ఈసారి ఆఫీసులో తాగని ఇద్దరినీ ఏరారు. ఒకణ్ని నేను, రెండోవాడు మేమంతా ఫొటో భాయ్ అని పిలిచే ఫొటోగ్రాఫరు. "వెనిల్లా, ఓకు, టాఫీ అని ఇంగ్లిష్ పేపర్లవాళ్లు రాసుకుంటారు. మన పాఠకుడు ఓకు చెట్టు ఎక్కడ చూశాడయ్యా? మనవాళ్ల ముక్కుకి తెలిసిన వాసనలు రాయి. రేపు పదకొండుకల్లా కాపీ కావాలి. బాగుంటే ఆదివారానికి వచ్చేయ్. లేదంటే హోమాలు, ఉపన్యాసాలు ఉండనే ఉన్నాయి" అన్నారు ఇన్‌ఛార్జి గారు. ఆయనకు నేను చెప్పని సంగతి ఒకటుంది. వానల్లో సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడిన పుణ్యమా అని నాకు వారంగా జలుబు. పక్కన అగరుబత్తి కట్ట మొత్తం వెలిగించినా తెలియని స్థితిలో ఉంది నా ముక్కు.

హోటల్లో బొంబాయి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, మెడకు సీతాకోకచిలుకలాంటి టై కట్టుకుని, రమ్ము గుణగణాలు వివరించాడు. చెరకు మడ్డి నుంచి దింపినప్పుడు అది నీళ్లలా తెల్లగా, కోపంగా ఉంటుందట. లోపల కాల్చిన చెక్క పీపాల్లో ఏళ్లతరబడి కూర్చుంటే రంగూ, ఓపికా, మాటతీరూ అబ్బుతాయట. ఏటా కొంత గాల్లో కలిసిపోతుందట. (మా ట్రైనీల సంగతీ అంతేనని అప్పుడనిపించింది.) గ్లాసులో పోసినదాన్ని దీపానికెదురుగా పట్టుకుంటే పాత ఇత్తడి రంగులో మెరిసింది. తిప్పి వదిలితే గోడల మీదుగా తొందరలేకుండా కిందికి దిగింది. ముక్కు పెట్టాను. ఏమీ లేదు. నాలుక తడిపాను. ముందు తీపి, వెనకాలే మంట, ఆ మంట చల్లారాక గొంతులో శాలువా కప్పినట్టు ఒక వెచ్చదనం. పెద్దమనిషి ఒక్కొక్కరినీ "మీకేం దొరికింది?" అని అడుగుతూ నా దగ్గరికొచ్చాడు. "వెచ్చగా ఉందండీ" అన్నాను. ఆయన నా భుజం తట్టి ముందుకెళ్లిపోయాడు. జబ్బుమనిషిని పరామర్శించినట్టుంది ఆ తట్టడం.

నా అవస్థ విని భాయ్ నవ్వాడు. "పరేషాన్ గాకన్నా. నీ ముక్కు బంద్ అయితే దునియాల ముక్కులు లేవా? జర మాల్ తీస్కపోదాం." నా సంచిలో అడుగంటిన దగ్గు మందు సీసా ఉంది. భాయ్ దాన్ని తీసుకెళ్లి, నల్లా కింద కడుక్కొచ్చి, మా ఇద్దరి గ్లాసుల్లో మిగిలింది అందులోకి వంపాడు. మూత పెట్టేముందు తానే మొదటి ముక్కు అరువిచ్చాడు. "ఖుబానీ అన్నా! షాదీలల్ల మీఠా జేసెటందుకు ఎండిన ఖుబానీ పండ్లు నానబెడ్తరు సూడు. పొద్దుగాల గిన్నె మూత తీస్తే వస్తదే, గదే." "తాగనివాడివి, నీకు పర్లేదా?" అంటే, "వాసన సూస్తే గునా గాదన్నా, తాగితెనే పాపం" అన్నాడు.

రెండో ముక్కు గదిలో నాతోపాటు ఉంటూ జావా కోర్సు నేర్చుకునే కుర్రాడిది. కరీంనగర్ వైపువాడు. నాలుగో ఇంటర్వ్యూ పోగొట్టుకుని వచ్చి మంచంమీద పడి ఉన్నాడు. సీసా పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "గిది రమ్మా? మా దోస్తులు తాగేది ముక్కుకు గుద్దినట్టు కొడ్తది. గిది కొడ్తలేదన్న, పిలుస్తున్నది. మక్క కంకి కాల్చుకుని తిన్నంక చేతులకు పొగ వాసన ఉంటది సూడు, గట్ల సుత ఉన్నది" అన్నాడు. అంత మంచి వాక్యం ఆ తర్వాత మా డెస్కులోనూ నేను వినలేదు.

మర్నాడు పొద్దున్నే వరండాలో కూర్చుని కాపీ రాసుకుంటుంటే ఇంటి ఓనరు పిన్నిగారు వచ్చారు. అనకాపల్లి మనిషి. ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా నిషేధం. సీసాతో మందు తెచ్చానని తెలిస్తే నా పెట్టె వీధిలో ఉండేది. "ఏంటబ్బాయ్, ఇంకా తగ్గలేదా? ఏం మందది?" అంటూ, నేను దాచేలోపే సీసా అందుకుని మూత తీసేశారు. ఇక పెట్టె సర్దుకోవాల్సిందే అనుకున్నాను. ఆవిడ మొహం మాత్రం విప్పారింది. "అబ్బ! బెల్లం వండేటప్పుడు పెనం అంచున పాకం మాడుతుందే, అచ్చం ఆ వాసన! మా నాన్నగారు ఆ మాడు గోకి చెరకు ముక్కకి అద్ది ఇచ్చేవారు." మళ్లీ వాసన చూశారు. "అతిమధురం కూడా పడింది. పిప్పళ్లు. మంచి మందే. నాకూ రెండ్రోజులుగా గొంతు గరగర. ఒక చెంచా పోయ్."

పోస్తే ఆవిడ నిష్ఠ పోతుంది, పోయకపోతే నా గది పోతుంది. "వద్దు పిన్నిగారూ... సీసా ఎత్తి తాగేశానండీ. ఎంగిలి" అన్నాను. "ఛీ ఛీ, ముందే చెప్పొద్దూ!" అని సీసా నా ఒళ్లో పడేసి చేతులు కడుక్కోవడానికి పరుగెత్తారు. ఆ ఎంగిలి ఆవేళ నన్ను కాపాడినంతగా నా డిగ్రీ కూడా ఎప్పుడూ కాపాడలేదు.

ఖుబానీ, మక్క కంకి పొగ, పెనం అంచు మాడు, అతిమధురం, పిప్పళ్లు, అన్నీ కలిపి పదకొండుకల్లా ఇచ్చేశాను. ఆదివారం అచ్చయింది. సోమవారం ఆ బొంబాయి పెద్దమనిషి ఆఫీసుకి ఫోను చేశాడు. ఎవరో వ్యాసం చదివి ఆయనకు అర్థం చెప్పారట. "పాకం నాకూ తెలిసింది, పొగ తెలిసింది. ఆ పిప్పళ్లు మాత్రం నాకింతవరకూ దొరకలేదు. ఆ కుర్రవాడి ముక్కు మామూలుది కాదు" అన్నాడట. ఇన్‌ఛార్జి గారు మురిసిపోయి నాకు అనుబంధంలో కుర్చీ వేయించారు. నేను మెల్లగా భాయ్‌ని పక్కకు తీసుకెళ్లి, "సీసా బాగా కడిగావా?" అనడిగాను. "నల్లా కింద జర తిప్పిన గదన్నా" అన్నాడు. సీసా తీసి దాని మీది చీటీ చదివాం. అతిమధురం, పిప్పలి, తులసి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, చీటీ గోకేసి, టీ తాగడానికి వెళ్లిపోయాం. తులసి రాయనందుకు ఆ రోజు కొంచెం బాధపడ్డాను కూడా.

ఇప్పుడు నా ముక్కు శుభ్రంగా పనిచేస్తోంది. జుట్టే ఆ పీపాల్లోని సరుకులా ఏటా కొంత గాల్లో కలిసిపోతోంది. మొన్న ఒక శిష్యుడు అలాంటి పాత రమ్ము తెచ్చిచ్చాడు. మూత తీయగానే భాయ్ గిన్నె మూత తీసినట్టయింది, జావా కుర్రాడి చేతుల పొగ తగిలింది, పిన్నిగారి పెనం అంచు మాడింది. నా సొంత వాసన ఒక్కటి దొరికితే ఒట్టు. పిప్పళ్ల కోసం చాలాసేపు వెతికాను. లేవు. బొంబాయి పెద్దమనిషి కూడా పాపం ఇలాగే ఎన్ని గ్లాసులు వెతికాడో! ఏమాటకామాటే చెప్పుకోవాలి, అవి లేకపోతే ఆ రమ్ములో ఏదో తక్కువైనట్టే ఉంది.